మా మామ్మ చదివిన ప్లాను

మాది రెల్లి కులం. గోదావరి ఒడ్డున ఒక మునిసిపాలిటీ ఊరు. మా మామ్మ పాకీ పని చేసింది. మా నాన్న అదే మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చాడు. నేను సర్కారు బళ్ళో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. చరిత్ర రాయమంటే రాజుల దగ్గర మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఒక డ్రాయింగు షీటు దగ్గర మొదలుపెడతాను.

2007లో డిగ్రీలో చేరాను. హోమ్ సైన్సు. అందులో ఇంటీరియర్ డిజైన్ ఒక సబ్జెక్టు. దానికి ముందు టెక్నికల్ డ్రాయింగు నేర్చుకోవాలి. ఇంటి లోపల అలంకరించడానికి కూడా ఒక చదువుంటదని నాకు అప్పటిదాకా తెలీదు. మా ఇంట్లో అందరం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. వంటా అక్కడే, చదువూ అక్కడే.

డ్రాయింగు బోర్డు, మినీ డ్రాఫ్టరు, సెట్ స్క్వేర్లు, 2హెచ్ పెన్సిళ్ళు కొనుక్కోవాలన్నారు. స్కాలర్‌షిప్పు ఇంకా రాలేదు. ఎస్సీ హాస్టల్లో సీనియరు అక్క తన పాత డ్రాఫ్టరు ఇచ్చింది. బల్ల లేదు. బోర్డు నేలమీద పెట్టి, దానిమీదికి వంగి గీసేదాన్ని.

పాఠం మాత్రం నాకు బాగా నచ్చింది. ఇంటిని అడ్డంగా కోసి పైనుంచి చూస్తే ప్లాను. ఎదురుగా నిలబడి చూస్తే ఎలివేషను. నిలువునా కోసి చూస్తే సెక్షను. కంటికి కనపడే అంచుకి ముదురు గీత గియ్యాలి. వెనక దాగిన అంచుకి తుంపులు తుంపులుగా గియ్యాలి. కనపడనంత మాత్రాన లేదనుకోకూడదు, ఉన్నట్టు గుర్తు పెట్టాలి అన్నమాట. ఈ న్యాయం నాకు నచ్చింది.

మొదటి పని, ఎవరిల్లు వాళ్ళు కొలిచి, ఒకటికి యాభై స్కేల్లో ప్లాను వెయ్యడం. మాది పది అడుగులకి పన్నెండు అడుగుల గది. షీటు మీద ఆరు సెంటీమీటర్లకి ఏడు సెంటీమీటర్లు వచ్చింది. పోస్టుకార్డులో సగం కూడా లేదు. మిగతా షీటంతా తెల్లగా ఉండిపోయింది. లెక్చరరు చూసి, “ఇది గది. నేనడిగింది ఇల్లు” అన్నారు. క్లాసు నవ్వింది. పక్కమ్మాయి ప్లానులో పనిమనిషి గదే మా ఇంటికి సరిపోయేంత ఉంది.

రెండో ఏడు నలుగురేసి జట్టు కట్టి ఒక పాత ఇల్లు కొలవమన్నారు. మా జట్టుకి మా ఊరి పాత మండువా ఇల్లు దొరికింది. ముందు అరుగులు, చెక్కిన గుమ్మం, నాలుగు పక్కలా వసారా. వాళ్ళు ముగ్గురూ ముందు వైపు కొలిచారు. నేను టేపు పట్టుకుని పెరట్లోకి పోయాను. చివర్న పాడుబడ్డ దొడ్డి. దాని వెనక గోడ అడుగున ఒక కంత, అడుగున్నర వెడల్పు. గోడ అవతల నాలుగడుగుల సందు. ఇంటాయన్ని అడిగితే, “అది పాతకాలందమ్మా, దాన్నెందుకు గియ్యడం?” అన్నాడు. నేను గీశాను. సందు కూడా గీశాను.

పండగ సెలవలకి ఆ షీటు చుట్టి ఇంటికి పట్టుకుపోయాను. మా మామ్మకి అక్షరం ముక్క రాదు.

“ఏంటే అమ్మడూ ఈ గీతలు?”

“ఇల్లు మామ్మా. కప్పు తీసేసి పైనుంచి చూస్తే ఇలా ఉంటది.”

కాసేపు చూసింది. షీటుని తిప్పి, వెనక పక్క తన వైపుకి పెట్టుకుంది. వేలు ఆ సందులోకి పోయింది. మెల్లిగా జరిపి కంత దగ్గర ఆపింది. “ఇది మా తలుపే. ఇక్కడ కూకుని, చెయ్యి లోపలికెట్టి రేకు డబ్బా లాగేదాన్ని.” మళ్ళీ వేలు జరిపింది. “దీని పక్కది జాంచెట్టోళ్ళది. ఆ పక్కది డబ్బా చిల్లులడ్డోళ్ళది. ఎన్నిసార్లు చెప్పినా మార్చేవోళ్ళు కాదు.”

“మరి ముందు పక్క, మామ్మా?” అనడిగాను.

“నాకేం తెలుసే? ఇన్నేళ్ళు చేసేను, ఆళ్ళ గుమ్మం ఎటుందో చూళ్ళేదు.”

క్లాసులో ప్లాను చదవడం నేర్చుకోడానికి మాకు ఒక టెర్మంతా పట్టింది. మా మామ్మ ఒక్క నిమిషంలో చదివింది. ఆ వీధి మొత్తం వెనక ఎలివేషను ఆవిడ తలకాయలో ఉంది. అయితే అలాంటి చదువుకి మార్కులుండవు.

షీటు చూసి లెక్చరరు ఎర్ర పెన్సిలుతో సందు మీద గీత కొట్టారు. “హద్దు బయటిది మనకనవసరం. కంత తీసేసి గోడ పూర్తి చెయ్యి” అన్నారు. తీసేశాను. రబ్బరు పెట్టి తుడిచి, గోడ గీత కలిపేశాను. ఆ షీటుకి మంచి మార్కులొచ్చాయి. ఇంటికి పోయినప్పుడు మామ్మకి ఆ మాట చెప్పలేదు. 2012లో ఆవిడ పోయింది. ఇప్పటికీ చెప్పలేదన్న బాధ పోలేదు.

తర్వాత చదివాను. మాకు వాస్తు పాఠంలో ఏ మూల వంటిల్లో చెప్పారు గానీ, ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఉన్న లెక్క చెప్పలేదు. వర్ణాల వారీగా ఇంటి వెడల్పు 32 మూరల నుంచి నాలుగేసి తగ్గుతూ 16 దాకా దిగుతుంది. మరీ హీనులకి అంతకన్నా తక్కువ. అర్థశాస్త్రం చండాలుర్ని శ్మశానం అంచున ఉండమంది. ఇంగ్లీషువాళ్ళు వచ్చి బంగళాలు కట్టారు. స్నానాల గదికి బయట నుంచి ఇంకో తలుపు పెట్టారు, ఊడ్చేవాళ్ళు ఇంట్లో అడుగుపెట్టకుండా వచ్చిపోడానికి. పట్నాల్లో ఇళ్ళ వెనక పాకీ సందులు వదిలారు. అంటే మా మామ్మ వంగిన సందు దానంతటదే ఏర్పడింది కాదు. ఎవరో బల్ల ముందు కూర్చుని, స్కేలు పెట్టి గీసింది. కులం మనసులోనే ఉంటదనేవాళ్ళు ఒకసారి ప్లాను చూడాలి. అక్కడ దానికి కొలతలున్నాయి.

ఇంకోటి కూడా చదివాను. మేం నేర్చుకున్న ప్లాను, ఎలివేషను పద్ధతికి శాస్త్రం కట్టినవాడు గాస్పర్ మోంజ్. 1746లో ఫ్రాన్సులో పుట్టాడు, వర్తకుడి కొడుకు. గొప్ప వంశం కాదు కాబట్టి మెజియేర్ సైనిక ఇంజినీరింగు బళ్ళో ఆఫీసర్ల చదువుకి పనికిరాడన్నారు. నమూనాలు చేసే, గీతలు గీసే పనిలో పెట్టారు. కోట కట్టే లెక్కని అతను గీతలతో తొందరగా తేలిస్తే, ఇంత తొందరగా అవదని ముందు చూడ్డానిక్కూడా ఒప్పుకోలేదు. చూశాక ఆ విద్యని సైనిక రహస్యంగా దాచారు. విప్లవం వచ్చాక 1795లో అతను దాన్ని బహిరంగంగా పాఠం చెప్పగలిగాడు. మోంజ్ అంటరానివాడు కాదు, మా బాధ అతనిది కాదు. కానీ పుట్టుక చూసి పక్కన కూర్చోబెట్టినవాడి చేతిలోంచే ఆ విద్య వచ్చిందని మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే నేలమీద వంగి గీసిన పిల్లకి కొంచెం ధైర్యంగా ఉండేది.

1993లో పాకీ దొడ్లు కట్టకూడదని, మనుషుల చేత ఎత్తించకూడదని చట్టం వచ్చింది. చాలక 2013లో ఇంకో చట్టం వచ్చింది. ఈ మధ్యలో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీం కోర్టుకెక్కి కొట్లాడితే 2014లో తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగ్గుంటల్లో చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలేసి ఇవ్వమంది. ఆ తర్వాత కూడా మనుషులు మ్యాన్‌హోళ్ళలో దిగి చస్తూనే ఉన్నారు. సందు భూమి కిందికి పోయింది, అంతే.

నేనిప్పుడు పిల్లల చేత ఊరి పటం గీయిస్తాను. మొదటి ఏడు అందరూ బడి, గుడి, పంచాయితీ ఆఫీసు గీశారు. పేట పిల్లలు కూడా పేటని గియ్యలేదు. కాయితంలో చోటు చాల్లేదు టీచర్ అన్నారు. చోటు ఎందుకు చాల్లేదో నాకు తెలుసు. ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. ఎవరైనా సరే పటం తమ ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. ఇంటి వెనక ఏముందో కూడా గియ్యాలి. కాయితం చాలకపోతే ఇంకో కాయితం అతికించుకోవాలి. అతికించడానికి జిగురు నేనే కొనిపెడతాను.

డ్రాయింగు చదివే మన పిల్లలకి నేను చెప్పేది ఒకటే. ఎర్ర పెన్సిలు గీత కొట్టినా సరే, ఆ కంతని తుడవకండి. నేను తుడిచాను.