తంజావూరుకు వెళ్ళే ముందు ఏం చదవాలి?

ఎండాకాలం సెలవులు వస్తున్నాయంటే మా హోసూరు ప్రాంతంలో యాత్రల మాట మొదలవుతుంది. తిరుపతి అందరూ చూసిందే. ఆ తర్వాత ఎక్కువగా వినిపించే పేరు తంజావూరు. బండి మాట్లాడుకోవడం, బస చూసుకోవడం, దారికి పులిహోర కట్టుకోవడం అన్నీ ముందుగానే అమర్చుకుంటారు. ఏం చదువుకుని వెళ్ళాలన్న ప్రశ్న మాత్రం బయలుదేరే ముందురోజు కూడా రాదు. కొన్నేళ్ళుగా మా బంధుమిత్రులలో నాలుగైదు కుటుంబాలకు ఈ యాత్రకు ముందు పుస్తకాలు ఎంచి ఇచ్చే పని నామీద పడింది. ఎంచుతూ పోగా పోగా అది చరిత్ర పనే అయింది. ఆ సంగతి పాఠకులతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఒకసారి కాలేజీలో చదివే అమ్మాయి ఒకర్తె నన్ను అడిగింది: "తాతా, పెద్దగుడి చోళులది. కోట మరాఠీ రాజులది. మరి మన తెలుగువాళ్ళది అక్కడేముంది?" న్యాయమైన ప్రశ్న. అక్కడి గైడు చెప్పేది కూడా దాదాపు అంతే. రాజరాజచోళుడు 1010లో పూర్తిచేసిన బృహదీశ్వరాలయం ముందు నిలబెట్టి విమానం ఎత్తు చెబుతాడు. తర్వాత కోటలోకి తీసుకుపోయి శరభోజి మహారాజు కథ చెబుతాడు. పదహారో శతాబ్దం మొదటి సగం నుంచి 1673 దాకా అక్కడ ఏలిన నాయకరాజులు ఆ రెండు కథల సందున ఇరుక్కుపోతారు. సేవప్ప నాయకుడు, అచ్యుతప్ప నాయకుడు, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు - ఈ నలుగురి కొలువుల్లో తెలుగు రాజభాషగా, కావ్యభాషగా, నాటకభాషగా వెలిగింది. మన సాహిత్య చరిత్రకారులు దక్షిణాంధ్ర యుగం అన్నది ఈ కాలాన్నే.

ఆ తెలుగు కంటికి ఎందుకు కనబడదు? వాళ్ళు కట్టినవాటిలో చాలా భాగం తర్వాతివారి కట్టడాల్లో కలిసిపోయింది. కోట మొదలుపెట్టింది నాయకులు, పెంచింది మరాఠీ రాజులు. పెద్దగుడి లోపలి ప్రదక్షిణ మార్గంలో గోడల మీద నాయకుల కాలపు చిత్రాలుండేవి. వాటి కింద చోళుల చిత్రాలున్నాయని 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన గోవిందస్వామి కనిపెట్టారు. చోళచిత్రాలు బయటపడాలంటే పైపొర తీయవలసిందే. పురావస్తు శాఖవారు ఆ పైపొరను పాడుకాకుండా ఒలిచి విడిగా భద్రపరిచారు. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే నాయకుల కాలానికి తంజావూరులో దక్కిన చోటు ఎలాంటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. వాళ్ళు గట్టిగా మిగిలింది పుస్తకాల్లోనే. అందుచేత ఈ ఊరికి చదవకుండా వెళ్ళిన తెలుగువాడు సగం ఊరే చూసి వస్తాడు.

పుస్తకం ఎంచడానికి నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, ఆ పుస్తకానికి మనం వెళ్ళి నిలబడబోయే చోటొకటి ఉండాలి. రెండు, ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావారు విని అర్థం చేసుకునేటట్టు ఉండాలి. రెండో నియమం ఎందుకో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. తమిళనాట 2006 చట్టంతో బడుల్లో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయ్యాక, తెలుగు అక్షరాలు దిద్దే పిల్లలు మా వీధిలో బాగా తగ్గిపోయారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. వాళ్ళ చేతికి కావ్యం ఇచ్చి లాభం లేదు. వాళ్ళ చెవిన వేయాలి.

పెద్దగుడికి వెళ్ళేముందు చదవవలసింది చోళుల చరిత్రే. ఇంగ్లీషు వచ్చినవారికి నీలకంఠశాస్త్రిగారి 'ది చోళాస్' ఉంది. పిల్లలకు కల్కి 'పొన్నియిన్ సెల్వన్' తెలుసు. 2022, 2023 సంవత్సరాల్లో సినిమాలుగా వచ్చాక మరీ తెలుసు. ఆ ఉత్సాహాన్ని వదులుకోకూడదు. దాని పక్కనే ఒక చిన్న వంశవృక్షం గీసి చూపిస్తాను. రాజరాజచోళుడి కూతురు కుందవ్వ వేంగి చాళుక్యరాజు విమలాదిత్యుణ్ణి పెళ్ళాడింది. వారి కొడుకు రాజరాజనరేంద్రుడు. నన్నయగారి చేత భారతం తెనిగింపజేసింది ఆయనే. ఆయన మళ్ళీ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వారి కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. అంటే పెద్దగుడి కట్టించినవాడి మనవడు మన ఆదికవికి ఆశ్రయమిచ్చాడన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిసి గుడిలో అడుగుపెట్టిన పిల్లలకు "ఇది వాళ్ళది, అది మనది" అన్న లెక్క అంత తేలిగ్గా తెగదు.

నాయకుల కాలానికి నేను మొదట ఇచ్చే పుస్తకం వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వెలువరించిన 'తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర'. వచనం, చిన్నది, కథలా నడుస్తుంది. మధుర నాయకుడు చొక్కనాథుడు తంజావూరు మీదికి దండెత్తడం, 1673లో వృద్ధుడైన విజయరాఘవుడు పోరాడి పడిపోవడం ఇంట్లో చదివి వెళ్ళినవారు కోట ముంగిట కాసేపైనా ఆగుతారు. అయితే అదొక్కటే చదివితే చాలదు. రాజుల కథ చెప్పే పుస్తకం రాజుల వైపే మాట్లాడుతుంది. కాబట్టి వృద్ధగిరీశన్‌గారి 'నాయక్స్ ఆఫ్ తంజోర్' అనే 1942 నాటి ఇంగ్లీషు గ్రంథాన్నో, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన 'సింబల్స్ ఆఫ్ సబ్‌స్టాన్స్' అనే 1992 నాటి గ్రంథాన్నో ఇంట్లో పెద్ద చదువు చదివినవారొకరు ముందుగా చూసుకుని, మిగతావారికి చెప్పాలి. కొలువులో తెలుగు వెలిగిన మాట నిజం. పొలాల్లో పనిచేసి ఆ కొలువును పోషించినవారిలో ఎక్కువమంది తమిళులన్న మాటా నిజమే. "ఇదంతా ఒకప్పుడు మనమే ఏలాం" అని బండిలో గొప్పలు చెప్పుకుంటూ పోవడానికి ఈ చదువు కాదు. మనం బతుకుతున్నది ఆ ఊరివారి మధ్యనే.

కావ్యం ఒక్కటైనా ఉండాలంటే చేమకూర వేంకటకవి 'విజయవిలాసం'. రఘునాథుడికి అంకితమైనది. మూడాశ్వాసాలే, అర్జునుడి తీర్థయాత్ర కథే. యాత్రకు పోయేవాళ్ళకు యాత్రకథ! తాపీ ధర్మారావుగారి 'హృదయోల్లాస వ్యాఖ్య' పక్కన పెట్టుకుంటే పద్యంలోని చమత్కారం పిల్లలకు కూడా విడమరచి చెప్పవచ్చు. ఆ వ్యాఖ్యకు 1971లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తాపీవారు పుట్టింది నేటి ఒడిశాలోని బరంపురంలో. అంటే తమిళదేశంలో పుట్టిన తెలుగు కావ్యాన్ని మనకు విప్పిచెప్పినవాడు ఒడిశా గడ్డమీద పుట్టిన తెలుగువాడు. ఈ పత్రిక పాఠకులకు ఇది గుర్తుపెట్టుకోదగిన మాట.

మన్నారుగుడి కూడా చూసేవారికి రంగాజమ్మ గురించి చెప్పాలి. విజయరాఘవుడు మన్నారుగుడి రాజగోపాలస్వామి భక్తుడు, తనను మన్నారుదాసుడని చెప్పుకున్నాడు. ఆయన ఆస్థాన కవయిత్రి పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసింది. పూర్తిగా చదవడానికి తీరిక లేనివారు నిడుదవోలు వెంకటరావుగారి 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము'లో ఆ కాలపు భాగం చదువుకుంటే చాలు. క్షేత్రయ్య కూడా ఆ కొలువు చూసినవాడే.

మరాఠీ రాజులు వచ్చాక తెలుగు ఆగిపోయిందా? లేదు. ఇది మహారాష్ట్రలోని మన పాఠకులకు మరీ ఇష్టమైన అధ్యాయం. ఇంట్లో మరాఠీ మాట్లాడిన శహాజీ రాజు తెలుగులో 'పల్లకీ సేవా ప్రబంధం' రాశాడు. 1803లో శరభోజి తన వంశచరిత్రను పెద్దగుడి గోడలమీద మరాఠీలో చెక్కించాడు. ఒకే కొలువులో తమిళం, తెలుగు, మరాఠీ, సంస్కృతం నడిచాయి. కోటలోని సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఈ భాషలన్నిటి తాళపత్రాలూ, కాగితపు ప్రతులూ ఉన్నాయి. అక్కడివారు అచ్చువేసిన తెలుగు గ్రంథాలు కొన్నయినా కొని తెచ్చుకోవాలి. బొమ్మలూ తలాడించే చెట్టియార్లూ ఎలాగూ కొంటాం.

తిరువయ్యారు తంజావూరుకు పదమూడు కిలోమీటర్లు. త్యాగరాజస్వామి సమాధి దగ్గరికి వెళ్ళేముందు ఇద్దరు స్త్రీల కథ చదవాలంటాను. ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. వీరేశలింగంగారు దాన్ని తీవ్రంగా నిందించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. 1911లో తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారి కాలంలో ఆ నిషేధం తొలగింది. ఆ నాగరత్నమ్మే 1920లలో తన సొంత డబ్బుతో త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది. ఆడవాళ్ళను ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో స్త్రీలకు వేరే బృందం నడిపింది. 1952లో ఆమె పోయాక ఆమె సమాధి కూడా అక్కడే అయింది. వి. శ్రీరామ్ రాసిన ఇంగ్లీషు జీవితచరిత్ర 'ది దేవదాసి అండ్ ది సెయింట్' 2007లో వచ్చింది. కాలేజీ పిల్లలకు నేను మొదట ఇచ్చేది అదే. మైసూరు సీమలో పుట్టి, మద్రాసులో పేరు తెచ్చుకుని, తిరువయ్యారులో మట్టయిన ఈ తెలుగు పండితురాలి విగ్రహం ముందు ఎవరూ చెప్పకుండానే వాళ్ళు ఆగుతారు.

మే నెలలో వెళ్ళేవారు వీలైతే నరసింహ జయంతి తిథి చూసుకుని వెళ్ళండి. మేలట్టూరులో భాగవతమేళం జరుగుతుంది. వెంకటరామశాస్త్రి రాసిన 'ప్రహ్లాద చరిత్రము' రాత్రి పొద్దుపోయేదాకా తెలుగులో ఆడతారు. ఆడేవారు ఇళ్ళలో తమిళమే మాట్లాడే కుటుంబాలవారు. తెలుగు మాటలను తమిళ లిపిలో రాసుకుని కంఠస్థం చేసేవారు వారిలో ఉన్నారు. మన ఇళ్ళలో దీనికి సరిగ్గా తలకిందులు: మాట ఉంది, లిపి జారిపోతున్నది. వాళ్ళు మరో లిపిలోనైనా నిలబెట్టుకున్నారు కాబట్టి, మనమూ వెనకాడనక్కరలేదు. నేను నాటకంలోని కొన్ని దరువులూ, త్యాగరాజ పంచరత్నాలలో తెలుగులో ఉన్న నాలుగూ పిల్లలకు తమిళ అక్షరాల్లో రాసిచ్చాను. అది చూసి కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. కాని ఆ కాగితం పట్టుకున్న పిల్లల్లో ఇద్దరు, "ఇది అసలు తెలుగులో ఎలా రాస్తారు?" అని అడిగి అక్షరాలు మొదలుపెట్టారు.

ఇక ఎంత చదవాలి? నెలరోజుల ముందు మొదలుపెడితే వారానికో సాయంకాలం చాలు. మొదటి వారం వంశవృక్షం, రెండో వారం ఆంధ్రరాజుల చరిత్ర, మూడో వారం విజయవిలాసంలో పది పద్యాలు, నాలుగో వారం నాగరత్నమ్మ, మేలట్టూరు. పెద్ద గ్రంథాలు వచ్చాక చదువుకోవచ్చు. చూసి వచ్చినవాటి గురించి చదవడానికి ఎవరినీ బతిమాలనక్కరలేదు.

బరంపురంవారు గంజాం సీమకూ, సోలాపురంవారు తమ ఊరికీ, యానాంవారు గోదావరి తీరానికీ, కర్ణాటకలోని మనవారు హంపీకీ ఇలాంటి చిన్న జాబితాలు తయారుచేసి ఈ పత్రికకు పంపితే బాగుంటుంది. ఒక్కో ఊరికి నాలుగు పుస్తకాలు మించనక్కరలేదు. ప్రతి పుస్తకం పక్కనా అది చదివి ఎక్కడ నిలబడాలో మాత్రం తప్పకుండా రాయండి.