గుట్టదారిలో తేలిక సైకిలు

ఓరుగల్లు సీమలోని పాలకుర్తి పేరు వినగానే సాహిత్యాభిమానులకు పాల్కురికి సోమనాథుడు జ్ఞప్తికి వస్తాడు. ఆ మహాకవి జన్మస్థానం ఇదేనని ప్రసిద్ధి. ఊరి సరసనే గుట్ట, గుట్టపై సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నవి. పోతన గారి బమ్మెర కూడా ఆ సమీపంలోనిదే. చిరకాలం వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో చేరినది.

నేటి మన ప్రసంగ విషయం కావ్యం కాదు, సైకిలు. అందునా విద్యుత్తు సాయంతో గుట్టదారులనెక్కే తేలిక సైకిలు. సోమనాథుని ఊరికీ ఈ యంత్రానికీ పొత్తేమిటని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. సోమనాథుడు సంస్కృత సమాసాల బరువును దించి, నలుగురి నోట పలికే ద్విపదలో బసవపురాణాన్ని చెప్పినాడు. కొద్ది మాటలలో గొప్ప అర్థాన్ని ఇమిడ్చుటే కవి వివేకమని ఆయన సిద్ధాంతం. గడచిన రెండు వందల ఏండ్లుగా సైకిలు నిర్మాతలు వెదకుతూ వచ్చినదీ అటువంటి వివేకమే. కొద్ది బరువుతో గొప్ప పని చేయించుటే వారి సాధన.

1817లో జర్మనీ దేశపు మన్‌హైం నగరంలో కార్ల్ ఫన్ డ్రైస్ అనే ఉద్యోగి రెండు చక్రాల కొయ్యబండిని వీధికి తెచ్చినాడు. దానికి పెడలు లేదు, చైను లేదు. పైన కూర్చుండి కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవలసినదే. బరువు సుమారు 22 కిలోలు. 1860లలో పారిస్ నగరంలో ముందు చక్రానికి పెడళ్లు అమర్చినారు. ఇనుప పట్టా వేసిన ఆ చక్రాలు రాతివీధులలో ఎక్కినవాని ఎముకలను కదిలించేవి. 1870లలో ముందు చక్రం మనిషి ఎత్తుకు పెరిగినది. వేగం హెచ్చినది గాని, పడితే తల పగిలే ప్రమాదమూ హెచ్చినది.

1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, వెనుక చక్రాన్ని చైనుతో నడిపించినాడు. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు డన్‌లప్ గాలి నింపిన టైరును ప్రవేశపెట్టినాడు. బోలు ఉక్కు గొట్టాల చట్రం, సన్నని తీగ ఆకుల చక్రాలు, బాల్ బేరింగులు, గాలి టైరు, ఈ నాలుగూ కలిసినపుడు నేడు మనమెరిగిన సైకిలు రూపొందినది. ప్రతి మెట్టులోనూ కొంత బరువో, కొంత రాపిడో, కొంత కుదుపో తగ్గుతూ వచ్చినది.

ఆ సైకిలు మన ఊళ్లకు వచ్చి పాలవాని క్యాను మోసినది, పోస్టుమాన్ సంచి మోసినది, బడిపిల్లను కారియరుపై కూర్చుండబెట్టుకొని పోయినది. గంటల లెక్కన అద్దె సైకిళ్లు ఇచ్చే దుకాణాలను మా తరం వారు ఎరుగుదురు. అవి ఇంచుమించు 20 కిలోల బరువుండేవి. చదును బాటలో ఆ బరువు తెలిసేది కాదు. చెరువుకట్ట ఎక్కునపుడు తెలిసేది. గుట్ట మొదటికి చేరగానే అందరమూ దిగి, హాండిలు పట్టుకొని నెట్టుకొనిపోయేవారమే.

ఎందుకు దిగవలసి వచ్చేదో లెక్క వేసి చూతము. మనిషి, సైకిలు, చేతిసంచి కలిసి 90 కిలోలనుకొందము. ఆ బరువు 100 మీటర్ల ఎత్తుకు చేరవలెనంటే, రాపిడిని విడిచిపెట్టినా, సుమారు 25 వాట్ అవర్ల శక్తి కావలెను. సామాన్య ఆరోగ్యవంతుడు ఆయాసం లేకుండా చేయగలిగిన పని 75 వాట్లనుకుంటే, ఆ ఎత్తుకు 20 నిమిషాలు పట్టును. అంత నెమ్మదిగా ఎక్కునపుడు ఒంటి గేరు సైకిలు నిలకడ తప్పి వాలిపోవును. మోటారు మరొక 200 వాట్లు అందిస్తే, అదే ఎత్తు అయిదారు నిమిషాల పని. విద్యుత్తు సైకిలు చేసే మేలంతా ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

ఈ మేలును పెద్దలు ఏనాడో ఊహించినారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రవాసి ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31న వెనుక చక్రపు మధ్యలోనే మోటారు గల సైకిలుకు పేటెంటు పొందినాడు. బ్యాటరీని చట్రం నడుమ వేలాడదీసినాడు. నేటి నిర్మాణం కూడా స్థూలంగా అదే. మరి నూరేండ్లపాటు అది ఇంటింటికీ ఎందుకు రాలేదు? సీసం వలన రాలేదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే అప్పటికి ఆధారం. 360 వాట్ అవర్ల సీసపు బ్యాటరీ పదికిలోలకు పైగా తూగును. మోటారు తెచ్చిన సుఖాన్ని బ్యాటరీ బరువు హరించినది.

1991లో జపాను దేశపు సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని విపణికి తెచ్చినది. 1993లో యమహా సంస్థ, తొక్కేవాని కాలి బలాన్ని కొలిచి అందుకు తగినంత సాయమే చేసే సైకిలును తయారుచేసినది. ఈ రెండు పాయలు కలిసిన తరువాతనే చరిత్ర మలుపు తిరిగినది. పైన చెప్పిన 360 వాట్ అవర్ల శక్తిని నేడు వేలెడంత గొట్టాల వంటి 40 లిథియం సెల్లులు ఇముడ్చుకొనును. ఆ సెల్లుల బరువు రెండు కిలోలు మించదు. ఈ బ్యాటరీ పరిశోధనకు గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హాం, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 2019లో నోబెల్ బహుమానం పొందినారు.

గుట్టదారి సైకిలు కథ వేరు. అది ఏ కర్మాగారపు ఆలోచనా కాదు. 1970లలో కాలిఫోర్నియాలోని టమల్‌పయిస్ కొండ మీద కొందరు యువకులు పాత బరువు సైకిళ్లను ఏరి తెచ్చి, మట్టిదారులలో దిగువకు పరుగెత్తించేవారు. దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు కాలిపోయేది, మరల నింపవలసి వచ్చేది. 1976లో వారు ఆరంభించిన పందెం పేరే ‘మరల నింపుడు’ అని అర్థమిచ్చేది. 1977లో వారిలోని జో బ్రీజ్ అనే యువకుడు కొండదారికి తగిన చట్రాన్ని ప్రత్యేకంగా నిర్మించినాడు. వెడల్పు టైర్లు, అనేక గేర్లు, గట్టి బ్రేకులు, ఈ మూడూ ఆ సైకిలు జాతికి గుర్తులైనవి.

ఇక మన ఇంటి ప్రశ్నకు వత్తము. పాలకుర్తి వంటి ఊరిలో, చెలకల బాటలూ బండరాళ్ల గుట్టలూ గలచోట, ఒక కుటుంబం ఇటువంటి సైకిలు కొనవలెనా, ఉన్నదానికి మోటారు బిగించుకొనవలెనా?

చక్రంలోని మోటారు చవుక, బిగించుట సులభం. కాని అది గేర్లను వాడుకొనలేదు. నిట్టెక్కుడులో చక్రం మెల్లగా తిరిగినపుడు మోటారు సగం శక్తిని వేడిగా పోగొట్టుకొనును. పెడళ్ల చెంత అమర్చిన మోటారు చైను ద్వారా లాగును కాబట్టి, గేరు మార్చితే తానూ సుఖపడును. గుట్టకు ఇదే మేలు. వెల హెచ్చు, చైను అరుగుదలా హెచ్చు. చదును బాట హెచ్చుగా గలవారికి చక్రపు మోటారే చాలును.

కొన్నేండ్ల క్రితం నేనూ ఒక పాత సైకిలుకు మోటారు, సీసపు బ్యాటరీలు బిగింపించుకొన్నాను. బ్యాటరీలన్నీ కారియరుపైనే. మొదటి వారం ఇరుగుపొరుగు వారందరికీ చూపి మురిసినాను. ఒక సాయంకాలం ఎక్కుడు నడుమ చార్జి ఆగిపోయినది. ఆ నలభై కిలోల బండిని నెట్టుకుంటూ ఇల్లు చేరేసరికి రాత్రి అయినది. తిరిగి వచ్చునపుడు ఒక దిగుడులో పాత కడ్డీ బ్రేకులు ఆ బరువును ఆపలేక నన్ను ముళ్లకంపలోనికి నడిపించినవి. ఆనాడు నేర్చుకొన్న పాఠం ఒక్కటే. మోటారు ఎంత బలమైనదని గాక, మోటారు ఆగితే బండి ఎంత తేలికైనదని ముందు అడగవలెను.

అందుచేత కొనబోవువారికి నా మనవి. దుకాణంలో బ్యాటరీని ఆపివేయించి, చిన్న ఎక్కుడులో ఒకసారి తొక్కి చూడండి. రెండు చేతులతో పైకెత్తి చూడండి. ఇంటి గడపలు దాటించవలసిన గృహిణి, పాఠశాలకు పోవు బాలిక కూడా ఎత్తి చూడవలెను. మంచి తేలిక సైకిళ్లు 20 కిలోలకు లోపుగానే దొరుకుచున్నవి. వాటి వెల సామాన్యునికి భారమే. అల్యూమినియం చట్రం, చిన్న బ్యాటరీ ఎంచుకుంటే వెలా తగ్గును, బరువూ తగ్గును. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు తిరుగువానికి నూరు కిలోమీటర్ల బ్యాటరీ ఎందుకు?

నిర్మించుకొనువారు బ్యాటరీని చట్రం నడుమ అమర్చుకొనవలెను. రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉండవలెను. బ్రేకు పట్టగానే మోటారు ఆగునట్లు తీగ కలపవలెను. సెల్లులను ఇంట అతికించు సాహసం కూడదు. వాటిని కాచే రక్షణ సర్క్యూటు, వాటికి తగిన చార్జరు లేనిచో అగ్నిభయం కలదు. పండుకొను గదిలో, రాత్రంతా చార్జి పెట్టి ఉంచరాదు. మన దేశపు నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్లకు లోపుగా, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపుగా, బ్యాటరీ గాక బండి బరువు 60 కిలోలకు మించకుండా ఉన్నచో అది మోటారు వాహనం కింద లెక్కకు రాదు. ఆ హద్దు దాటించి బిగించినవారికి చట్టమూ అడ్డు వచ్చును, బ్రేకులూ చాలవు.

మోటారు మన కాలికి తోడు మాత్రమే. దారి నడుమ ఆ తోడు విడిచినా మన కాలి బలంతో ఇల్లు చేర్చగల బండియే మనది. మిగిలినది మనం మోయవలసిన బరువు. మాటలో బరువు దించి భావాన్ని పెంచిన కవి పుట్టిన ఊరి గుట్టదారిలో, ఇనుములో బరువు దించి కాలి బలాన్ని పెంచిన సైకిలు నడువవలెనని కోరుట ఉచితమే కదా.