తులాదండం

తులాదండం లేదా మీట (లీవరు) అనేది ఒక స్థిర బిందువు చుట్టూ తిరుగగల దృఢమైన కడ్డీ. సామాన్య యంత్రాలలో ఇది మిక్కిలి సరళమైనది. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు (1591) చుట్టూ విస్తరించిన బజారులలో నిత్యం కనిపించే త్రాసు, అడకత్తెర, కత్తెర, చిమ్టా మొదలైనవన్నీ తులాదండాలే. ఇవి పనిచేసే తీరును స్థితిశాస్త్రంలోని ఒకే ఒక సూత్రం వివరిస్తుంది. సరియైన తూకానికీ, తప్పుడు తూకానికీ కూడా ఆ సూత్రమే మూలం.

భాగాలు - సూత్రం

కడ్డీ తిరిగే స్థిర బిందువును ఆధారం అంటారు. కదిలించవలసిన లేదా ఎదుర్కొనవలసిన బరువును భారం అని, అందుకోసం ప్రయోగించే దానిని బలం అని అంటారు. ఆధారం నుండి బలానికి గల లంబదూరం బలభుజం. భారానికి గల లంబదూరం భారభుజం. కడ్డీ సమతాస్థితిలో ఉన్నప్పుడు

బలం × బలభుజం = భారం × భారభుజం

అవుతుంది. బలాన్ని దాని భుజంతో గుణించగా వచ్చే రాశిని బలభ్రామకం అంటారు. పైన చెప్పిన సంబంధాన్ని భ్రామకాల సూత్రం అంటారు. దీనిని క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమిడీస్ గణితపరంగా నిరూపించాడు.

పాతకాలపు దేవిడీల బరువైన తలుపులకు లాగే కడియాన్ని కీళ్ళకు దూరంగా, రెండవ అంచున బిగించడానికి కారణం ఇదే. అదే తలుపును సగం దూరంలో పట్టుకొని లాగితే రెట్టింపు బలం అవసరమవుతుంది.

భారాన్ని బలంతో భాగిస్తే వచ్చే విలువను యాంత్రిక లాభం అంటారు. తులాదండం వలన శక్తి ఆదా కాదు. బలం ఎంత తగ్గుతుందో, చేయి కదలవలసిన దూరం అంత పెరుగుతుంది.

రకాలు

ఆధారం, భారం, బలం ఉండే స్థానాలను బట్టి తులాదండాలు మూడు తరగతులు.

మొదటి తరగతి: బలానికి, భారానికి మధ్య ఆధారం ఉంటుంది. త్రాసు, కత్తెర ఇందుకు ఉదాహరణలు. రేకు కత్తిరించే కత్తెరకు పిడులు పొడవుగా, అలుగులు పొట్టిగా ఉంటాయి. అక్కడ కావలసినది బలం. దర్జీ కత్తెరకు అలుగులు పొడవు. గుడ్డ మెత్తనిది కనుక అక్కడ కావలసినది ఒక్క కోతలో ఎక్కువ దూరం తెగడం. రెండు చక్రాల బండిలో ఇరుసే ఆధారం. సరుకు ముందుకు ఎక్కువైతే కాడి మోసేవారిపై భారం పడుతుంది. వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది.

రెండవ తరగతి: మధ్యలో భారం ఉంటుంది. పాన్ దుకాణాలలో వక్కలు కత్తిరించే అడకత్తెర దీనికి చక్కని ఉదాహరణ. కీలుకు 2 సెం.మీ. దూరంలో వక్కను ఉంచి, 12 సెం.మీ. దూరంలో పిడిని నొక్కితే వక్కపై ఆరు రెట్ల బలం పడుతుంది.

మూడవ తరగతి: మధ్యలో బలం ఉంటుంది. నిప్పు కణికలు తీసే చిమ్టా, చీపురు, మనిషి ముంజేయి ఈ కోవలోనివి. వీటి యాంత్రిక లాభం ఒకటి కంటే తక్కువ. అయితే చేయి కొద్దిగా కదిలితే కొన ఎక్కువ దూరం కదులుతుంది. వేడికి చేయి దూరంగా ఉంటుంది.

త్రాసు - తూకంలో తేడా

సాధారణ త్రాసు (తక్కెడ, తరాజు) సమాన భుజాలు గల మొదటి తరగతి తులాదండం. భుజాలు సమానమైనప్పుడు మాత్రమే రెండు పళ్ళేలలోని బరువులు సమానమవుతాయి. ఖాళీ త్రాసు కాడ సమతలంగా నిలిచినంత మాత్రాన త్రాసు సరియైనదని చెప్పలేము. పొట్టి భుజానికి కాస్త బరువైన పళ్ళెం కట్టినా ఖాళీ త్రాసు సమతలంగానే నిలుస్తుంది.

ఉదాహరణకు, ఒక భుజం 20 సెం.మీ., రెండవది 19 సెం.మీ. అనుకొందాం. పొట్టి భుజం వైపు కిలో రాయి, పొడవు భుజం వైపు సరుకు ఉంచితే, 950 గ్రాముల సరుకుకే ముల్లు నిటారుగా నిలుస్తుంది. కొనుగోలుదారుకు కిలోకు 50 గ్రాములు నష్టం. ఒక సెంటీమీటరు తేడా కంటికి సులభంగా ఆనదు.

దీనిని కనిపెట్టే పద్ధతులు రెండు.

1. సరుకును, రాళ్ళను పళ్ళేలు మార్చి మళ్ళీ తూచాలి. పై ఉదాహరణలో రెండవ తూకం 902.5 గ్రాములు చూపుతుంది. రెండు తూకాల లబ్ధానికి వర్గమూలం (1000 × 902.5 = 9,02,500; వర్గమూలం 950) అసలు బరువు అవుతుంది.

2. సరుకును ఒక పళ్ళెంలో ఉంచి, రెండవ పళ్ళెంలో ఇసుక పోసి సరితూచాలి. తరువాత సరుకు తీసివేసి, అదే పళ్ళెంలో రాళ్ళు వేసి ఇసుకతో సరితూచాలి. అప్పుడు రాళ్ళ మొత్తమే సరుకు బరువు. భుజాలు అసమానమైనా ఈ పద్ధతిలో తప్పు రాదు. దీనిని ఫ్రెంచి శాస్త్రవేత్త బోర్డా పేరుతో వ్యవహరిస్తారు.

భారతదేశంలో శేరు, మణుగు వంటి పాత తూకాల స్థానంలో మెట్రిక్ తూనికలను 1956 నాటి చట్టం ప్రవేశపెట్టింది. ప్రస్తుతం 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అమలులో ఉంది. దీని ప్రకారం వ్యాపారంలో వాడే త్రాసులను, రాళ్ళను అధికారులచే తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ముత్యాలకు పేరొందిన పత్తర్‌గట్టి వంటి చోట్ల ఎలక్ట్రానిక్ త్రాసులు వచ్చినా, వాటికి కూడా ఈ నియమం వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* బలం
* గరిమనాభి
* కప్పీ
* వాలుతలం
* ఆర్కిమిడీస్