చల్లని నిద్ర ఎవరిది?

వేసవి రాత్రి నిద్రపట్టక ప్రక్కమీద దొర్లువాడు ఎండను తిట్టును. ప్రొద్దు క్రుంకి జాముసేపైన పిమ్మట తిట్టవలసినది సూర్యుని కాదు, పైకప్పును.

దేహధర్మ మెరిగినవారు చెప్పునదేమనగా, నిద్రకు ముందే శరీరములోపలి వేడిమి కొంచెము తగ్గనారంభించును. నెత్తురు అరచేతులకును అరికాళ్ళకును అధికముగ ప్రవహించి వేడిని చర్మముగుండ వెలికి పంపును. ఆరుచున్న చెమట మరికొంత కొనిపోవును. గోడలు పగటివేడిని క్రక్కుచున్నను, గాలి కదలకున్నను, మచిలీపట్టణము కాకినాడలందువలె గాలియే చెమ్మతో నిండియున్నను ఈ పని సాగదు. మెలకువ వచ్చును. వేడికి పోవుటకు దారి కావలెను.

ఆ దారిని పూర్వులు ఆకాశమున కనుగొనిరి. ఔరంగజేబు కాలమున ఢిల్లీలో కొన్నేండ్లు వసించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే అచ్చటి మంచి యిండ్లను వర్ణించుచు, రాత్రి కుటుంబము పండుకొనుటకు డాబాయు, వాన వచ్చినచో మంచములను చప్పున లోనికి జరుపుకొనుటకు దానినంటిన గదియు ఉండునని వ్రాసెను. దీనికి హేతువు చాలకాలమునకు గాని తెలియలేదు. 1775లో సర్ రాబర్ట్ బార్కర్ అను సేనాని లండనులోని రాయల్ సొసైటీకి ఒక వింత తెలియజేసెను. అలహాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులందు, లోతులేని గుంటలలో ఎండిన చెరకుచొప్ప పరచి, దానిపై మట్టిమూకుళ్ళలో నీరు పోసి యుంచగా తెల్లవారునప్పటికి మంచుగడ్డ కట్టుచుండెను. నిర్మలాకాశమునకు ఎదురుగనున్న వస్తువులు తమ వేడిని పైకి వెదజల్లి చుట్టునున్న గాలికంటెను చల్లబడునని 1814లో వెల్స్ అను వైద్యుడు మంచుబిందువులను గూర్చిన తన గ్రంథమున వివరించెను. మిద్దెమీద నులకమంచము వేసికొన్నవాని దేహమును, ఆ మూకుటిలోని నీరును ఒకే దారిని వేడిని పోగొట్టుకొనుచున్నవి.

కాని ఆరుబయట పండుకొనుట దొరలకు సరిపడలేదు. పదునెనిమిదవ శతాబ్ది చివర కలకత్తాలో త్రాటిపంకా ప్రచారమునకు వచ్చెను. దూలమునుండి వ్రేలాడు చట్రమునకు గుడ్డ బిగించి, త్రాటిని గోడరంధ్రముగుండ వరండాలోనికి తీసి, అచ్చట నొక మనుష్యుని కూర్చుండబెట్టుదురు. పంకా గాలిని చల్లబరుపదు. చర్మము నంటియున్న తడిగాలి పొరను తొలగించి చెమట ఆరనిచ్చును, అంతియే. అది నిలిచిన కొలదిసేపటికే పండుకొన్నవానికి మెలకువ వచ్చును. కావున లోపలివాడు నిద్రించుటకు బయటివాడు రాత్రి యెల్ల మేలుకొనవలెను. త్రాటిని కాలివ్రేలికి కట్టుకొని జోగినవారిని గూర్చి దొరలు పరిహాసముగ కథలు చెప్పుకొనిరి. ఆ జోగినవారిని బూటుకాలితో తన్నగా ప్రాణములు పోవుటయు కలదు. అట్టి వ్యాజ్యములలో, మృతునకు మలేరియాచే ప్లీహము, అనగా కడుపులోని బల్ల, పెరిగియుండెనని చెప్పుటయు, కొట్టినవాడు స్వల్పశిక్షతో బయటపడుటయు పరిపాటి యయ్యెను. ఆగ్రాలో ఫుల్లర్ అను ఆంగ్ల న్యాయవాది కొట్టిన దెబ్బకు కత్వారు అను గుర్రపుసేవకుడు మరణింపగా విధింపబడిన జరిమానా 30 రూపాయలు. అతడు పంకా లాగువాడు కాడు గాని అచ్చటను సాకు ప్లీహమే. 1876లో వైస్రాయి లిట్టన్ ఆ తీర్పును బహిరంగముగ గర్హించెను. దేశమందలి ఆంగ్లేయుల పత్రికలకు కోపము వచ్చినది తీర్పుమీద కాదు, ఆ గర్హనమీద!

దొరలను నిందించి ఊరకుండుట మనకు సులభమే. మన యిండ్లలో మాత్ర మేమి జరిగినది? వెన్నెలరాత్రి వాకిట మగవారి మంచములు వరుసగ వెలసెడివి. అరుగులును మిద్దెలును వారివే. కోడలు వంటింటి ప్రక్క కిటికీలేని గదిలో, పగలెల్ల మండిన పొయ్యి విడిచిన వేడిలో పండుకొనవలసినది. బిడ్డ యేడ్చినచో తాటాకు విసనకర్రతో విసరుచు కూర్చుండునదియు ఆమెయే; ఆమెకు విసరువారు లేరు. పురిటిగది మాట చెప్పనేల? గాలి సోకరాదని తలుపులు బిగించి, నడివేసవిలో కుంపటి పెట్టి, తల్లికి చెవులకు గుడ్డ కట్టి, పసికందును బట్టలతో చుట్టుట మేమెరిగిన ఆచారము. చలి యెక్కువగ నుండు ఋతువున దీనికి కొంత అర్థము కలదు. వైశాఖమున ఏమి అర్థమో పెద్దలే చెప్పవలెను. తన వేడిని తాను అదుపుచేసికొను శక్తి ఆ పసిదేహమునకు ఇంకను కుదురదు; అతిగ చుట్టి వేడెక్కించుట శిశువులకు ప్రాణాపాయకరమని వైద్యులు హెచ్చరించుచున్నారు.

విద్యుత్పంకా వచ్చి త్రాటిని తెంచినది. మంచిదే. అయితే దానితోపాటే సిమెంటుకప్పును వచ్చి, పగలెల్ల వేడిని మ్రింగి రాత్రి యెల్ల ఇంటివారిపై క్రక్కుచున్నది; ఆ వేడిగాలినే పంకా త్రిప్పుచున్నది. 2015 మే నెలలో ఆంధ్ర తెలంగాణములలో వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. పగటి దెబ్బను రాత్రి తీర్చుకొనజాలని దేహము మరునాటి యెండకు లొంగిపోవును. కప్పుకు తెల్లని సున్నము పూసిన యెడల ఎండలో చాలభాగము పైననే త్రిప్పిపంపబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులకై ఒక విధానమును ప్రకటించినది.

కలవారు అంతవరకు వేచియుండలేదు. 1902లో అమెరికాలోని బ్రూక్లినులో ఒక అచ్చుకూటమున కాగితము చెమ్మకు సాగకుండ కారియర్ అను ఇంజనీరు కల్పించిన యంత్రపు సంతతి నేడు వారి పడకగదులలో నున్నది. అది వేడిని నశింపజేయదు. గదిలోనిదానిని తీసి, తాను వాడుకొను విద్యుచ్ఛక్తి వేడిని గూడ కలిపి, వీధిలోనికి త్రోయును. మా వీధిలో అట్టి పెట్టె యొకటి సరిగ కావలివాని మంచమునకు ఎదురుగ నున్నది.