75 సెంట్ల తేడా



రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన వాళ్ళకు ఒక సంగతి తెలుసు. లెక్కలో తేడా పావలా అయినా, పది రూపాయలైనా వెతకడం ఒకటే. కంప్యూటర్ దొంగను పట్టుకున్న ఒక పాత చరిత్ర కూడా అట్లాంటి చిల్లర తేడాతోనే మొదలైంది.

1986 ఆగస్టు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల. అక్కడ కంప్యూటర్ వాడిన సమయానికి లెక్కకట్టి డబ్బు వసూలు చేసేవారు. లెక్కలో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడిని చూడమన్నారు. వెతికితే, ఎవరో తొమ్మిది సెకన్లు వాడుకొని డబ్బు కట్టలేదని తేలింది.

లోపలికి వచ్చినవాడి ఉపాయం ఇది. ఉత్తరాల ఫైళ్ళను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే మూవ్‌మెయిల్ అనే చిన్న ప్రోగ్రాంకు, ఆ యంత్రంలో ఏ ఫైలునైనా ఎక్కడైనా పెట్టే అధికారం ఉండేది. యంత్రం ఐదు నిమిషాలకొకసారి తనంతట తాను నడిపే ఒక ఫైలు ఉంది. దాని స్థానంలో వాడు తన దొంగ ఫైలును పెట్టాడు. కాకి గూట్లో కోయిల గుడ్డు పెట్టినట్టే. కాకి పొదిగింది, వాడికి పూర్తి అధికారం వచ్చింది. పని అయ్యాక అసలు ఫైలును మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

స్టోల్ వెంటనే తలుపు మూయలేదు. వాడు కొట్టే ప్రతి అక్షరమూ ప్రింటర్లో పడేట్టు చేశాడు, తేదీ వేళలతో నోటుబుక్కులో రాసుకున్నాడు. ఎరగా ఉత్తుత్తి రక్షణ ఫైళ్ళు పెట్టాడు. చివరికి దొరికినవాడు పశ్చిమ జర్మనీ హానోవర్‌లోని మార్కస్ హెస్. దొంగిలించిన సమాచారం సోవియట్ గూఢచారులకు చేరేది. 1990లో శిక్ష పడింది.

1992లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, యూజీన్ స్పాఫర్డ్ ట్రిప్‌వైర్ తయారుచేశారు. ప్రతి ఫైలుకు వేలిముద్ర వంటి ఒక సంఖ్యను ముందే రాసిపెట్టుకొని, తర్వాత సరిపోల్చడం దాని పని. ఫైల్లో ఒక్క అక్షరం మారినా సంఖ్య మారుతుంది. తర్వాత డాన్ ఫార్మర్, వీట్సె వెనెమా ఇచ్చిన పనిముట్లు, ఫైలును ఎప్పుడు చదివారు, ఎప్పుడు మార్చారు అనే వేళలను వరుసగా పేర్చి జరిగిన కథ చెప్పించాయి. చెరిపేసిన ఫైలు కూడా, దాని చోట ఇంకొకటి రాసేదాకా చాలాసార్లు డిస్కులోనే ఉంటుంది.

మన చందా పద్దులు, పిల్లల చదువు సహాయం జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లోనే ఉన్నాయి కదా. అనుమానం వస్తే తొందరపడి ఫార్మాట్ చేయించకండి, సాక్ష్యం పోతుంది. నెట్ తీసేసి, మరేమీ ముట్టకుండా, తెలిసినవారిని పిలవండి. చిన్న తేడానే కదా అని మాత్రం వదలకండి.