పదకొండో అధ్యాయంలో తప్పిన లెక్క

ఆ కంపపుల్లలు ఇట్టా లోపలికి నెట్టండ్రా, మంట ఆరిపోతోంది. దానియేలు నాలుగు మృగాల కథేగా మీకు కావాల్సింది? చెప్తా. మేం చిన్నప్పుడు విన్నట్టు మాత్రం చెప్పను.

అప్పట్లో క్రిస్మస్ ముందు రాత్రిపూట కూటాలు పెట్టేవోళ్లు. పెట్రోమాక్స్ లైటు కింద పెద్ద గుడ్డ కట్టి, దాని మీద సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పది కొమ్ముల మృగం బొమ్మలు. బోధకుడు కర్రతో పొడిచి చూపిస్తా ఇది రష్యా, ఇది అమెరికా అనేవాడు. కొమ్ముల లెక్క ఏడాదికోరకంగా మారేది. మేమేమో ఇంటికొచ్చి దుప్పటి ముసుగు తీసేవోళ్లం కాదు.

తర్వాత వేదాంత కాలేజీలో చేరితే, పాత నిబంధన చెప్పే అయ్యగారు దానియేలు గ్రంథం పదకొండో అధ్యాయం ఒకపక్క, గ్రీకు రాజుల చరిత్ర ఒకపక్క పెట్టుకుని చదవమన్నారు. నాకు మతిపోయింది. ఉత్తరదేశపు రాజంటే సిరియానేలిన సెల్యూకస్ వంశం, దక్షిణదేశపు రాజంటే ఐగుప్తునేలిన టాలెమీలు. ఎవరి కూతుర్ని ఎవరికిచ్చారో, ఎవరు ఎవరి మీదికి దండెత్తారో వరసగా ఉంది. మృగాలు కూడా అంతే: బబులోను, మాదీయులు, పారసీకులు, గ్రీకులు. ఆ పది కొమ్ముల మధ్య మొలిచే చిన్న కొమ్ము నాలుగో అంతియొకస్. క్రీస్తుకు ముందు 175లో గద్దెనెక్కి, నాణేల మీద తన్ను దేవుడని అచ్చేయించుకున్నవాడు.

వాడిది ఒక తమాషా ముచ్చట ఉంది. 168లో ఐగుప్తును దాదాపు మింగేసే సమయానికి రోము నుంచి పోపిలియస్ అనే దూత ఓడ దిగాడు. వెనక్కి పొమ్మన్న చీటీ చేతికిచ్చాడు. ఆలోచించుకుని చెప్తానన్నాడు అంతియొకస్. ముసలాయన చేతికర్రతో రాజు చుట్టూ ఇసకలో గీత గీసి, ఇది దాటేలోగా చెప్పమన్నాడు! అంత సైన్యం వెనకుండి కూడా రాజు తోక ముడిచాడు. దానియేలు గ్రంథంలో కిత్తీము ఓడలంటే ఇవే. ఆ కసంతా మరుసటి ఏడు యెరూషలేము మీద తీర్చుకున్నాడు. విశ్రాంతిదినం పాటిస్తే చావు, బిడ్డకు సున్నతి చేయిస్తే చావు. దేవాలయంలో బలిపీఠం మీద గ్రీకు దేవుడికి పీఠం కట్టించాడు. ఆ గ్రంథంలో హేయవస్తువంటే అది.

అక్కడిదాకా అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాతే లెక్క తప్పింది. ఆ రాజు మళ్లీ ఐగుప్తు మీదికి పోతాడనీ, సముద్రానికీ పరిశుద్ధ పర్వతానికీ మధ్య డేరా వేసుకుని అక్కడే అంతమవుతాడనీ ఉంది. వాడేమో 164లో ఎక్కడో పారసీక దేశంలో చచ్చాడు. అంటే రాసినాయనకు ఆ చావు కబురు అందలేదు. అందుకే ఈ దర్శనాలు 167కీ 164కీ మధ్య రాశారని పండితుల్లో ఎక్కువమంది అంటారు. సింహాల గుహలాంటి కథలు అంతకన్నా పాతవట. ఈ మాట కొత్తదేం కాదు, క్రీస్తు తర్వాత మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త అన్నాడు. ఆయన పుస్తకాల్ని తగలబెట్టారు. ఖండించడానికి క్రైస్తవ పండితుడు జెరోము రాసిన వ్యాఖ్యానంలోనే ఆయన వాదం చాలామట్టుకు మిగిలింది, చూడండి చోద్యం.

మెల్లగా... మీ నాయనమ్మ లోపల్నించి వింటోంది. ఆమెకి ఈ మాటలు గిట్టవు. దానియేలే బబులోనులో కూర్చుని రాశాడంటుంది. అట్టా నమ్మే సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి, నేను వాదం పెట్టుకోను. బబులోను రాజు బెల్షస్సరు తండ్రి నెబుకద్నెజరని గ్రంథంలో ఉంది, బబులోను మట్టి శాసనాలేమో నబోనిడస్ అంటాయి. అది చెప్పినందుకే ఒకసారి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు మాత్రం బొమ్మల గుడ్డ కన్నా ఆ రాసినాయన మీదే మనసు. పన్నెండో అధ్యాయం చివర అంతానికి గడువు 1,290 దినాలని ఉంటుంది. ఆ కిందనే 1,335 దినాలని. మొదటి గడువు దాటిపోయినా ఏమీ జరక్కపోతే రెండో లెక్క కలిపారని కొందరు పండితుల ఊహ. మధ్యలో నలభై అయిదు రోజులు. బయట సైనికులు తిరుగుతుంటే, ఏ దీపం కింద కూర్చుని దినం దినం లెక్కేసుకున్నాడో ఆ మనిషి.