ఇల్లు అమ్మబడును

నాన్న పోయాక తెనాలిలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. గేటుకి బోర్డు తగిలించిన మర్నాడే ఎదురింటి పిన్నిగారు వచ్చారు. కాఫీ తాగుతూ, "ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చెయ్యకండమ్మా, మనవాళ్ళనే చూడండి. నలభై ఏళ్ళనుంచీ ఒక తీరుగా వున్న వీధి" అన్నారు. నేను "అలాగేనండీ" అన్నాను. ఆవిడ చేతి వంట తిని పెరిగినదాన్ని, ఇంకేమంటాను?

ఆ "అలాగేనండీ" ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఎప్పుడో చదివిన కళా బగాయి కథ గుర్తుకొచ్చింది.

1915లో పెషావరుకి చెందిన వైష్ణోదాస్ బగాయి భార్యనీ, ముగ్గురు కొడుకుల్నీ వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగాడు. ఆ భార్యే కళ. అప్పటికి అమెరికాలో మన దేశపు ఆడవాళ్ళు బహు అరుదు. కొంతకాలానికి దగ్గర్లోని బర్కిలీలో ఇల్లు కొనుక్కున్నారు. సామానంతా బండ్లకెత్తించుకుని పిల్లల్తో వెళ్ళి చూస్తే, ఇంటికి తాళం! వేసింది అమ్మినవాళ్ళు కాదు, ఇరుగుపొరుగులు. వీళ్ళు తమ వీధిలోకి రాకూడదట. డబ్బిచ్చి కొనుక్కున్న ఇంటి ముందు నిలబడి, "నా పిల్లల్ని ఏమైనా చేస్తారేమో, ఈ ఇల్లు మనకొద్దు" అనుకుంది ఆ తల్లి. బండ్లు వెనక్కి తిప్పించారు.

ఇనప తాళమైతే బద్దలు కొట్టొచ్చు. కాగితం మీద వేసిన తాళం సంగతేమిటి? ఆ రోజుల్లో అమెరికాలో ఎన్నో ఊళ్ళలో ఇళ్ళ దస్తావేజుల్లోనే షరతులు రాసుకునేవారు, ఫలానా జాతివాళ్ళకి అమ్మరాదని. సెయింట్ లూయిస్ నగరంలో లబాడీ అవెన్యూ అనే వీధివాళ్ళు 1911లో యాభై ఏళ్ళకి సరిపడా అలాంటి ఒప్పందం రాసుకున్నారు. నల్లవాళ్ళూ, మంగోలు జాతివాళ్ళూ అక్కడ కాపురముండకూడదు.

ఈ సంగతి తెలియక 1945లో షెల్లీ దంపతులు అక్కడ ఇల్లు కొన్నారు. నల్లజాతివాళ్ళు, ఆరుగురు పిల్లలు. ఇల్లాలి పేరు ఎథెల్. కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించారో లేదో, ఖాళీ చేయించమని క్రేమర్ అనే పొరుగాయన కోర్టుకెక్కాడు. కింది కోర్టు షెల్లీల పక్షం పలికింది. రాష్ట్ర సుప్రీంకోర్టు తిరగదోడింది. చివరికి దేశపు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అక్కడ తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ముగ్గురు విచారణలో కూర్చోలేదు. కారణం చెప్పలేదు గాని, వాళ్ళ ఇళ్ళ కాగితాల్లోనూ అలాంటి షరతులుండి వుంటాయని చాలామంది అనుకున్నారు. మిగిలిన ఆరుగురూ 1948 మే 3న ఒక్కమాటగా తీర్పు చెప్పారు: మీలో మీరు ఏం రాసుకున్నా, దాన్ని అమలు జరిపే పని కోర్టులు చెయ్యవు.

షెల్లీల ఇల్లు నిలిచింది. కాని అమ్మేవాడు "మీకు అమ్మను" అంటే అడిగేదెవరు? దానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. వారం తిరిగేసరికి, 11వ తేదీన, అధ్యక్షుడు జాన్సన్ గృహ హక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మననడం, అద్దెకివ్వననడం తప్పయింది. ఖాళీగా వున్న ఇంటిని "అయిపోయింది" అనకూడదు. ఫలానావారికే అని ప్రకటన వెయ్యకూడదు. "మీ వీధిలోకి వాళ్ళొస్తున్నారు, ధర పడిపోతుంది" అని బ్రోకరు బెదిరించకూడదు.

ఆ జాబితాలో ఆడవాళ్ళు లేరన్నది గమనించారా? మనం 1974లో చేరాం. అంతకుముందు బ్యాంకులు ఇంటి అప్పిచ్చేటప్పుడు, రేపు పిల్లల్ని కని ఉద్యోగం మానేస్తుందేమోనని భార్య జీతాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోని సందర్భాలు కొల్లలు. చంటిపిల్లలున్న కుటుంబాలకీ, వికలాంగులకీ ఆ రక్షణ 1988లో గాని దొరకలేదు.

ఇవాళ మన పిల్లలు అక్కడ ఇళ్ళు కొని, పాలు పొంగించిన ఫోటోలు పంపిస్తుంటే మురిసిపోతాం. ఆ గడప దాటడానికి వాళ్ళకున్న హక్కు నల్లజాతివాళ్ళు పోరాడి తెచ్చుకున్నది. అక్కడ మన పిల్లల్ని "మీరేవాళ్ళు?" అని అడిగితే మండిపడే మనం, ఇక్కడ గేటు తియ్యకముందే అదే ప్రశ్న వేస్తాం. ఊరి బావుల దగ్గర, దుకాణాల్లో కులమతాల తేడా చూపకూడదని మన రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. ఇల్లమ్మకం విషయంలో మాత్రం అమెరికాలోలా ప్రత్యేకమైన చట్టం మనకి లేదు. మనం దస్తావేజులో రాసుకోం. కాఫీ తాగుతూ చెప్పుకుంటాం, అంతే తేడా.

కళా బగాయి భర్త పౌరసత్వం పోగొట్టుకుని, 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆవిడ పిల్లల్ని పెంచుకుని, 1983 దాకా అక్కడే బతికింది. ఆవిణ్ణి గడప తొక్కనివ్వని బర్కిలీలో, ఒక వీధికి ఆవిడ పేరు పెట్టాలని 2020లో నగరపాలక సంఘం నిర్ణయించింది. తాళం వేసినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. వాళ్ళూ బహుశా మా పిన్నిగారిలా మంచివాళ్ళే అయివుంటారు. పక్కింటి పిల్లలకి అన్నం పెట్టినవాళ్ళే.

ఆదివారం ఇల్లు చూడటానికి ఒక జంట వచ్చారు. ఇద్దరూ టీచర్లు. మా అన్నయ్య గొంతు సవరించుకుని, "ఇంతకీ మీరు..." అని మొదలుపెట్టాడు. నేను అడ్డుపడి, "మా నూతి నీళ్ళు తియ్యగా వుంటాయండీ, ఒక గుక్క తాగి చూస్తారా?" అన్నాను. ధర కుదిరింది. బయానా పుచ్చుకున్నాం.

పిన్నిగారికింకా చెప్పలేదు. "అలాగేనండీ" అన్నది నేనే కాబట్టి, వెళ్ళి చెప్పాల్సిందీ నేనే.